మేడగది గోడ మీద వాగ్దానం

2023 డిసెంబరు 31 రాత్రి, చర్చిలో ఏడాది ఆఖరున జరిగే వాచ్‌నైట్ సర్వీసులో, కొత్త ఏడాదికి వాగ్దానంగా నాకు వచ్చిన కార్డు మీది వచనం బైబిల్లోని యిర్మీయా 29:11. ఈ వచనం తెలియని తెలుగు క్రైస్తవ ఇల్లు ఉండదేమో. దేవుడు మన గురించి తలపెట్టినవి మేలుకే గాని కీడుకు కావని, రాబోయే రోజుల మీద మనకు ఆశ ఉందని చెప్పే మాట అది. పన్నెండు కొట్టగానే అందరం లేచి ఒకరికొకరు వందనాలు చెప్పుకున్నాం, కేకు తిన్నాం, హైదరాబాదు అల్వాల్‌లోని మా ఇంటికి వచ్చేసరికి ఒంటిగంట దాటింది. వారం తిరగకముందే మా ఆవిడ ఆ కార్డుకు ఫ్రేము కట్టించి పై అంతస్తు హాల్లో టీవీ పక్కన తగిలించింది.

ఆ గోడ సంగతి తర్వాత చెబుతాను. ఈ వ్యాసమంతా ఆ గోడ గురించే.

ప్రవచనం అనగానే మన సంఘాల్లో మనసు రెండు వైపులకే పోతుంది. ఈ ఏడాది నాకు ఏం మేలు జరుగుతుంది అన్నది ఒకటి. లోకం మీదికి ఏం ముంచుకొస్తోంది అన్నది ఇంకొకటి. కానీ బైబిల్లో ప్రవక్తల పుస్తకాలు తెరిచి వరుసగా చదివితే, వాళ్లు పదేపదే అడిగే ప్రశ్న వేరే ఉంది. నీ పొరుగువాడికి నువ్వు ఎంత బాకీ ఉన్నావు? దేవుడి పేరు పెట్టుకున్న మనుషులను, దేవుడి మందిరానికి వచ్చే మనుషులను నిలబెట్టి అడిగిన ప్రశ్న అది. హెచ్చరిక వినడమంటే ఆ బాకీ ఉన్న మనిషి దగ్గరికి వెళ్లడమే అని నాకు ఇప్పుడు గట్టిగా అనిపిస్తోంది. ఈ మాట అనడానికి నాకు అర్హత ఉండి కాదు. నాలుగేళ్లు వినకుండా ఉన్నవాణ్ణి కాబట్టి చెబుతున్నాను.

2024లో ఈస్టర్‌కు ముందు వచ్చే లెంట్ ఉపవాస రోజుల్లో ఒక తీర్మానం చేసుకున్నాను. గోడ మీద ఉన్న వచనం ఏ పుస్తకంలోదో ఆ పుస్తకాన్ని మొదటి నుంచి చదవాలని. యిర్మీయాలో 52 అధ్యాయాలున్నాయి. నలభై రోజులు. రోజుకు ఒకటో రెండో చదివితే సరిపోతుంది. నా వచనం 29వ అధ్యాయంలో ఉంది, అక్కడికి చేరేటప్పటికి ఇంకా బాగా అర్థమవుతుందని అనుకున్నాను.

మొదటి అధ్యాయాల్లోనే ఇది నేననుకున్న పుస్తకం కాదని తెలిసింది. ఆరో అధ్యాయంలో, నెమ్మది లేని చోట నెమ్మది ఉందని చెబుతూ జనం గాయాన్ని పైపైన మాన్పుతున్న బోధకుల మీద దేవుడి బాధ ఉంది. అదే మాట ఎనిమిదో అధ్యాయంలో మళ్లీ వస్తుంది. ఏడో అధ్యాయంలో యిర్మీయా దేవాలయం గుమ్మంలోనే నిలబడి, లోపలికి వెళ్తున్నవాళ్లతో మాట్లాడతాడు. ఇది యెహోవా ఆలయం అని ముమ్మారు పలికి క్షేమంగా ఉన్నామనుకోకండి, పరదేశిని, తండ్రిలేని పిల్లలను, విధవరాలిని బాధపెట్టడం మానండి అంటాడు. ఈ ఇల్లు మీకు దొంగల గుహలా కనబడుతోందా అని అడుగుతాడు. యేసు ప్రభువు దేవాలయంలో బల్లలు పడదోసినప్పుడు అన్నది ఈ మాటే. నేను ఆ మాటను ఎన్నిసార్లు విన్నానో, కానీ అది యిర్మీయాదని ఎప్పుడూ పట్టించుకోలేదు.

22వ అధ్యాయం దగ్గర ఆగిపోయాను.

అందులో ఒక రాజు ఇల్లు కట్టుకుంటున్నాడు. యెహోయాకీము. పెద్ద ఇల్లు, విశాలమైన మేడగదులు, వెడల్పాటి కిటికీలు, దేవదారు పలకలు, ఎర్రరంగు పూత. ఆ ఇంటి వైపు చూసి ప్రవక్త అంటాడు: జీతం ఇవ్వకుండా పొరుగువాడి చేత ఊరికే పని చేయించుకుని, అన్యాయంతో మేడగదులు కట్టుకునేవాడికి శ్రమ, అంటే కీడు తప్పదు. నేను ఆ పొద్దున చదువుతూ కూర్చున్నది మా పై అంతస్తు హాల్లో. ఎదురుగా గోడ, గోడ మీద ఫ్రేము.

ఆ పై అంతస్తు పని మేం 2019 చివర్లో మొదలుపెట్టాం. పాలమూరు వైపు నుంచి వచ్చిన మేస్త్రీ, ఆయనతో నలుగురు. స్లాబు పడింది, గోడలు లేచాయి, ప్లాస్టరింగ్ దాదాపు అయిపోయింది. 2020 మార్చి 25న లాక్‌డౌన్ వచ్చింది. అప్పటికి మేస్త్రీకి ఇవ్వాల్సినవి 38,000 రూపాయలు. రెండు రోజుల తర్వాత ఆయన ఫోన్ చేసి ఊరికి పోతున్నామని, ఎంతో కొంత ఇమ్మని అడిగాడు. ఏటీఎంకు వెళ్లడానికి లేదు, పోలీసులు ఆపుతున్నారు, తర్వాత చూద్దాం అన్నాను. అందులో కొంత నిజం ఉంది. తర్వాత ఇంకో రెండుసార్లు ఫోన్ వచ్చింది. అప్పటికి బయటికి వెళ్లే వీలుంది. ఆ రెండుసార్లూ నేను ఎత్తలేదు.

వర్షాకాలం వచ్చాక బాత్రూమ్ పక్క గోడకు చెమ్మ పట్టింది. దాంతో నాకు ఒక కారణం దొరికింది. పని సరిగా చేయలేదు, బాగుచేయించుకోవడానికి నాకే ఖర్చయింది అని మా ఆవిడకు చెప్పాను. ఆమె, అందుకు అయింది ఎంత, ఆయనకు ఇవ్వాల్సింది ఎంత అని ఒక్కసారి అడిగింది. నేను జవాబు చెప్పలేదు. మిగిలిన పని వేరే మనుషులతో చేయించాం. అవసరముంటే ఆయనే వస్తాడు కదా అనుకున్నాను. ఆయన రాలేదు. ఏళ్లు గడిచాయి. ఆ నాలుగేళ్లలో నేను చర్చికిచ్చే దశమభాగం, అంటే రాబడిలో పదో వంతు, ఒక్క నెల కూడా తప్పలేదు.

ఆ అధ్యాయం చదివిన రోజు కూడా నేను లేచి ఫోన్ వెతకలేదు. నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. పుస్తకం మూసి బడికి వెళ్లిపోయాను. మర్నాడు 23వ అధ్యాయం చదివాను.

నేను పనిచేసే ప్రభుత్వ పాఠశాల చాదర్‌ఘాట్ వైపు ఉంది. మూసానగర్, కమల్‌నగర్ నుంచి పిల్లలు వస్తారు. పైన బాగా వానలు పడి ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తిన రోజు తరగతి సగం ఖాళీగా ఉంటుంది. పోలీసులు మైకులో చెబుతూ తిరుగుతారు, నీళ్లు వదులుతున్నారు, ఒడ్డున ఉన్నవాళ్లు ఖాళీ చేయండి అని. ఒకసారి ఐదో తరగతి పిల్లవాడు మూడు రోజుల తర్వాత వచ్చాడు. పుస్తకాలన్నీ యూరియా సంచిలో కట్టి తెచ్చాడు. ఏమైందిరా అంటే, "గేట్లు లేపిన్రు సార్, మా అమ్మ రాత్రే సామాన్లు ఎత్తింది, ఇంట్ల మోకాలు దాంక నీళ్లొచ్చినయ్" అన్నాడు. ఆ తల్లి ఆ మైకు మాటను జోస్యంలా వినలేదు. వినగానే బియ్యం డబ్బా, పిల్లల పుస్తకాలు ఎత్తి పైకి పెట్టింది. ఆ మైకు ఉన్నది అందుకే.

ఈ నగరానికి ఆ పాఠం చాలా ఖరీదుకు వచ్చింది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు దాదాపు 15,000 మంది చనిపోయారని చెబుతారు. అఫ్జల్‌గంజ్ దగ్గర ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా బతికారు. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు, ఆయన పైన చెరువులు కట్టి వరదను ఆపాలన్నాడు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. వినడం అంటే అలా రాళ్లు మోసి కట్టేంత పని. మరచిపోవడం మాత్రం సులువు. 2020 అక్టోబరులో మళ్లీ కాలనీలకు కాలనీలు మునిగాయి. చెరువుల కట్టల మీద, నాలాల మీద ఇళ్లు లేచిపోయాక నీళ్లు ఎటు పోతాయి? ఇంటికి ఇల్లు, పొలానికి పొలం కలుపుకుంటూ పోయేవాళ్లకు శ్రమ అని యెషయా ఐదో అధ్యాయంలో ఉన్న మాట మన చెరువు శిఖం భూముల్లో ప్లాట్లు కొన్నవాళ్లకు, అందులో మన చర్చిల వాళ్లు కూడా ఉన్నారు, ఎవరూ చదివి వినిపించరు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. వరదలో పోయినవాళ్లు పాపులు కాబట్టి పోయారని నేను అనడం లేదు. కరోనా కాలంలో అలాంటి మెసేజీలు మన వాట్సాప్ గ్రూపుల్లో ఎన్ని తిరిగాయో మీకు తెలుసు. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోతే యేసు ప్రభువు ఏమన్నాడో లూకా 13లో ఉంది. వాళ్లు మిగతావాళ్లకన్నా పాపులనుకుంటున్నారా, కాదు, మీరు మారుమనస్సు పొందకపోతే మీరూ అలాగే నశిస్తారు అన్నాడు. వింటున్నవాళ్ల వైపే తిప్పాడు ఆ మాటను. మనం మాత్రం ప్రతి భూకంపాన్ని, ప్రతి యుద్ధాన్ని, ఇశ్రాయేలు వార్తలను పక్కవాడి మీదికి తిప్పుతాం, లేదా తేదీలు లెక్కపెడతాం. 1844 అక్టోబరు 22న ప్రభువు వస్తాడని అమెరికాలో విలియం మిల్లర్ మాట నమ్మి వేలమంది ఎదురుచూశారు. 2011 మే 21 అని హెరాల్డ్ క్యాంపింగ్ చెప్పాడు. ఆ దినం, ఆ గడియ ఎవరికీ తెలియదని మత్తయి 24లో ప్రభువే అన్నాక ఇంకా లెక్కలు ఎందుకు? ప్రభువు రెండో రాకడను నేను నమ్ముతాను, దాని కోసం ప్రార్థిస్తాను. కానీ రాకడ గురించి వీడియోలు చూస్తూ గంటలు గడిపిన నాకే మేస్త్రీ ఫోన్ ఎత్తడానికి నిమిషం దొరకలేదు.

యిర్మీయా 26వ అధ్యాయంలో మూసీ ఒడ్డు తల్లి నాకు మళ్లీ గుర్తొచ్చింది. యిర్మీయాను చంపాలని యాజకులు పట్టుబడతారు. అప్పుడు కొందరు పెద్దలు లేచి పాత సంగతి ఒకటి చెబుతారు. సుమారు వందేళ్ల కిందట మీకా అనే ప్రవక్త యెరూషలేము రాళ్లకుప్ప అవుతుందని చెప్పాడు. హిజ్కియా రాజు ఆయన్ను చంపలేదు, దేవునికి భయపడి బతిమాలుకున్నాడు, ఆ కీడు తప్పింది. చూడండి, మీకా చెప్పినది ఆనాడు జరగలేదు. అయినా ఆ పెద్దలు మీకాను అబద్ధ ప్రవక్త అనలేదు. జరగకపోవడమే ఆ మాటకు దక్కిన ఫలం అని వాళ్లకు తెలుసు. యోనా కూడా నీనెవెలో నలభై రోజులకు పట్టణం నాశనమవుతుందని, అయితే గియితే అనకుండా చెప్పాడు. వాళ్లు గోనెపట్ట కట్టుకున్నారు, పట్టణం నిలిచింది. మనిషిని ఇష్టపడకపోతే ముందుగా చెప్పాల్సిన పనే లేదు. హెచ్చరిక దేవుడి కోపం అనుకుంటాం గాని, అది ఆయన ఇంకా మన మీద ఆశ వదులుకోలేదనడానికి గుర్తు.

చివరికి 29వ అధ్యాయానికి చేరాను. అంతకుముందు 28వ అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త వస్తాడు. బబులోను రాజు చెరపట్టుకుపోయినవాళ్లంతా రెండేళ్లలో తిరిగొచ్చేస్తారని మందిరంలో అందరి ముందు ప్రవచిస్తాడు. బబులోనుకు లొంగాలనడానికి గుర్తుగా యిర్మీయా మెడమీద వేసుకున్న కాడిని తీసి విరుస్తాడు. వినేవాళ్లకు ఎంత సంతోషమై ఉంటుందో. యిర్మీయా మొదట ఆమేన్ అనే అన్నాడు, అలాగే జరిగితే బాగుండు అన్నాడు. ఆ మాటలో ఎంత మంచితనం ఉందో. కానీ అది దేవుడి మాట కాదు. అదే ఏడాది ఏడో నెలలో హనన్యా చనిపోయాడు. తర్వాత యిర్మీయా బబులోనులో ఉన్న చెరవాళ్లకు ఉత్తరం రాస్తాడు. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి, 70 ఏళ్లు పడుతుంది అని. ఆ 70 ఏళ్ల మాట పదో వచనంలో ఉంది. నా గోడ మీది వాగ్దానం పదకొండో వచనం. ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది తిరిగి వెళ్లడం చూడకుండానే పోయి ఉంటారు. మనం పదో వచనాన్ని వదిలేసి పదకొండును కార్డు మీద అచ్చు వేసుకున్నాం. యిర్మీయా రాసింది తీసుకుని హనన్యా చెప్పినట్టు చదువుకుంటున్నాం.

వాగ్దానాల పెట్టెను నేను తక్కువ చేయడం లేదు. మా అమ్మకు ఒక చిన్న పెట్టె ఉండేది. లోపల బైబిలు వాగ్దానాలు రాసి చుట్టిన కాగితం ముక్కలు. నాన్న ఆసుపత్రిలో ఉన్న రెండు నెలలూ ఆమె పొద్దున్నే ఒకటి తీసి చదువుకుని బస్సెక్కేది. ఆ కాగితాలు ఆమెను నిలబెట్టాయి. నేను కళ్లారా చూశాను. కానీ 36వ అధ్యాయం చదివినప్పుడు నా చేతులు చల్లబడ్డాయి. అదే యెహోయాకీము, మేడగదుల రాజు, తొమ్మిదో నెల చలిలో కుంపటి ముందు కూర్చుని ఉంటాడు. యిర్మీయా మాటలు రాసిన గ్రంథపు చుట్టను చదివి వినిపిస్తుంటే, మూడు నాలుగు పుటలు చదవగానే చాకుతో కోసి మంటలో వేస్తాడు. చుట్టంతా కాలిపోయే దాకా. వాళ్ల నాన్న యోషీయాకు ధర్మశాస్త్ర గ్రంథం చదివి వినిపించినప్పుడు ఆయన తన బట్టలు చింపుకున్నాడు. ఒక ప్రవక్త్రిని, హుల్దాను, అడిగి రమ్మని మనుషులను పంపాడు. తండ్రి బట్టలు చింపుకున్నాడు, కొడుకు వాక్యాన్ని కోశాడు. వాగ్దానాల పెట్టె చేయాలన్నా ముందు ఎవరో బైబిల్లోంచి వచనాలను కోయాలి. ఏది ఉంచాలో, ఏది వదిలేయాలో తేల్చాలి. కోసేది భక్తితోనే. కానీ పెట్టెలో ఎప్పుడూ పడనివి ఏవో గమనించారా?

మలాకీ 3:10 తీసుకోండి. దశమభాగం మందిరపు నిధికి తెండి, ఆకాశపు వాకిండ్లు విప్పుతానో లేదో చూడండి అనే వచనం. కానుకల సమయంలో దాదాపు ప్రతి ఆదివారం వింటాం. దానికి ఐదు వచనాల పైన, 3:5లో, కూలివాడి కూలి బిగబట్టేవాళ్ల మీద, విధవరాలిని, తండ్రిలేనివాళ్లను బాధించేవాళ్ల మీద, పరదేశికి అన్యాయం చేసేవాళ్ల మీద నేనే సాక్షిగా వస్తాను అంటాడు దేవుడు. అదే పుస్తకం, అదే అధ్యాయం, అదే పేజీ. నా వయసు యాభై దాటింది. ఐదో వచనం మీద ఒక్క ప్రసంగం విన్న జ్ఞాపకం లేదు.

ఈ మాట మా శనివారం కూడికలో అన్నాను. సంఘపెద్ద ఒకాయన, నాకు ఎంతో కావలసిన మనిషి, నెమ్మదిగా జవాబిచ్చాడు. "సార్, అవన్నీ ఇశ్రాయేలీయులకు చెప్పినవి. మనం ఇప్పుడు కృప కింద ఉన్నాం కదా." ఈ వాదన మామూలుగా వినబడేదే. మరి మలాకీ పదో వచనం కూడా ఇశ్రాయేలీయులకు చెప్పిందే కదా అన్నాను. యిర్మీయా 29:11 కూడా వాళ్లకు రాసిందే. మేలు మనది, హెచ్చరిక వాళ్లదా? పైగా సిలువ తర్వాత కూడా హెచ్చరికలు ఆగలేదు. కోత కోసినవాళ్ల కూలి బిగబడితే ఆ కూలే మొరపెడుతుందని యాకోబు ఐదో అధ్యాయంలో రాశాడు. ప్రకటన గ్రంథంలో ఏడు సంఘాలకు ఏడు ఉత్తరాలు ఉన్నాయి, అందులో ఐదింటికి మారుమనస్సు పొందమనే ఆజ్ఞ ఉంది. నాకు ఏ కొదువా లేదనుకున్న లవొదికయ సంఘం కృప కిందే ఉంది.

మా పాస్టరు అయ్యగారు అన్నది మాత్రం నన్ను ఆలోచనలో పడేసింది. "మన దగ్గరికి వచ్చేవాళ్లు వారమంతా తిట్లు తిని వస్తారయ్యా. ఇళ్లల్లో, సైట్లలో, ఆఫీసుల్లో. ఆదివారం కూడా నేను భయపెట్టాలా? వాళ్లకు ఓదార్పు కావాలి." దీనికి నా దగ్గర వెంటనే జవాబు లేదు. ఆయన అన్నది నిజం. మన సంఘాల్లో ఎక్కువమంది ఊరి చివర నుంచి వచ్చినవాళ్లే, తరాలుగా మాటలు పడ్డవాళ్లే. మా అమ్మమ్మ వాళ్లది మెదక్ దగ్గర పల్లె. కరువు రోజుల్లో చార్లెస్ వాకర్ పాస్నెట్ దొర మెదక్ చర్చి కట్టించేటప్పుడు పనిచేసినవాళ్లకు తిండి దొరికిందని, అట్లా ఊళ్లు బతికాయని ఆమె చెప్పేది. ఆ చర్చిని 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. మా వాళ్లు ప్రభువును మొదట తెలుసుకున్నది పని చేస్తే కూడు పెట్టిన చోట. అలాంటి ఇంట్లోంచి వచ్చినవాణ్ణి నేను.

జవాబు నాలుగు రోజుల తర్వాత అనుకోకుండా దొరికింది. అల్వాల్‌లో నాలుగిళ్లలో పనిచేసే ఒక అక్క మా సంఘానికి వస్తుంది. బుధవారం ఉపవాస ప్రార్థనలో ఆ రోజు వాక్యం చదవడం నా వంతు. మలాకీ మూడో అధ్యాయం మొదటి నుంచి చదివాను. ఐదో వచనం అయ్యాక ఆమె వెనక నుంచి "ఆగుండ్రి సార్" అంది. అందరూ తిరిగి చూశారు. "మళ్లొకసారి చదవండి. ఇది మలాకీలనే ఉన్నదా?" మళ్లీ చదివాను. ఆమె తన బైబిలు తెచ్చి నా ముందు పెట్టి, అక్కడ గీత గీసిమ్మంది. చదవడం ఆమెకు అంతంత మాత్రమే. కూడిక అయ్యాక చెప్పింది, ఒక ఇంట్లో మూడు నెలల జీతం ఇవ్వకుండా మాన్పించారట. "నా కూలి గురించి కూడా దేవుడు మాట్లాడిండని నాకు ఎవరూ చెప్పలే" అంది.

నాకు హెచ్చరిక అయిన వచనం ఆమెకు వాగ్దానం. అదే వాక్యం. కూలి బిగబట్టినవాడికి అది భయం, కూలి రానివాడికి అది ఓదార్పు. మనం సంఘాన్ని బాధపెట్టకూడదని ఆ వచనాలను పక్కన పెట్టినప్పుడు, ఓదార్పు అవసరమైన మనిషి దగ్గర నుంచే ఆ ఓదార్పు లాగేసుకుంటున్నాం. మిగిలిన మెత్తటి మాటలన్నీ నాలాంటివాళ్లకు సౌకర్యంగా ఉంటాయి. అయ్యగారికి ఇది చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. రెండు వారాల తర్వాత ఆదివారం ఆమోసు నుంచి ప్రసంగించారు. పండుగ ఆర్భాటాలు, పాటల ధ్వని నాకు వద్దు, న్యాయం నీళ్లలా పారనివ్వండి అనే ఐదో అధ్యాయం. కట్నం గురించి కూడా మాట్లాడారు, లాంఛనాలని పేరు మార్చినా అది కట్నమే అన్నారు. సంబంధాలు చూసేటప్పుడు సంఘంలో ఉన్నవాళ్లనే కులం అడుగుతున్నామని అన్నారు. ముందు వరుసల్లో కొందరి ముఖాలు మారాయి. వెనక వరుసల్లో, ఆడవాళ్ల వైపు, మాటిమాటికీ ఆమేన్ వినబడింది.

ప్రసంగం బాగుందని బయట అందరూ అన్నారు. నేనూ అన్నాను. ఇంటికి వస్తూ యెహెజ్కేలు 33 గుర్తొచ్చి దారిలో బండి ఆపాల్సి వచ్చింది. అక్కడ దేవుడు యెహెజ్కేలుతో అంటాడు: వాళ్లు వచ్చి నీ ముందు కూర్చుంటారు, నువ్వు వాళ్లకు వాద్యం బాగా వాయిస్తూ మధురంగా పాడేవాడివి, నీ మాటలు వింటారు, చేయరు. లెంట్ అయిపోయి ఈస్టర్ కూడా దాటిపోయింది. నేను యిర్మీయా మొత్తం చదివేశాను, సంఘంలో వాదించాను, మలాకీలో గీత గీసిచ్చాను. మేస్త్రీ డబ్బు అలాగే ఉంది.

మర్నాడు అల్వాల్‌లో మేం సిమెంటు కొన్న షాపుకు వెళ్లాను. ఆ మేస్త్రీ పాత నంబరు పనిచేయడం లేదు. షాపు ఆయన ఇంకో మేస్త్రీ పేరు చెప్పాడు, ఆయన కోస్గి దాటాక ఊరి పేరు చెప్పాడు. నారాయణపేట జిల్లా. ఇదంతా కనుక్కోవడానికి ఒక్క పూట పట్టింది. నాలుగేళ్లుగా దొరకడు అని నేననుకున్న మనిషి ఒక్క పూటలో దొరికాడు.

ఎంత ఇవ్వాలి అన్నది ఆలోచించాను. సువార్తలో సుంకరి జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు. సంఖ్యాకాండము ఐదో అధ్యాయంలో తప్పు ఒప్పుకుని, అసలుకు ఐదో వంతు కలిపి ఇవ్వమని ఉంది. నేను ఐదో వంతు తీసుకున్నాను. 38,000కు 7,600 కలిపితే 45,600. కవర్లో పెట్టుకుని ఇమ్లీబన్‌లో బస్సెక్కాను. మా ఆవిడ తోడు వస్తానంది గాని వద్దన్నాను.

ఇల్లు దొరకడం కష్టం కాలేదు. రేకుల ఇల్లు, ముందర వేపచెట్టు. మేస్త్రీ లేడు. ఆయన భార్య మంచం వాల్చి కూర్చోమంది, నీళ్లిచ్చింది. "ఆయన పుణె పోయిండు సారూ, పనికి. దసరాకొస్తడు." నేను ఎవరినో చెప్పాను. అల్వాల్ ఇల్లు అనగానే ఆమెకు తెలిసింది.

"మీ ఆయనకు నేను 38,000 ఇవ్వాలమ్మా. నాలుగేళ్లు ఇవ్వలేదు. ఆయన ఫోన్ చేస్తే ఎత్తలేదు. తప్పు నాదే. ఐదో వంతు కలిపి తెచ్చాను" అని కవరు ఇచ్చాను.

ఆమె నోట్లు మంచం మీద పెట్టి రెండుసార్లు లెక్కపెట్టింది. కొడుకును పిలిచి వాడి చేత ఒకసారి లెక్కపెట్టించింది. తర్వాత నా వైపు చూసి, గొంతు పెంచకుండా అంది. "మిత్తి కట్టినం గదా సారూ."

నాకు అర్థం కాలేదు. ఆమె చెప్పింది. లాక్‌డౌన్లో ఊరికొచ్చినాక తిండికి లేక 30,000 అప్పు తెచ్చారు. నూటికి మూడు రూపాయల మిత్తి. మీరు ఇస్తరు, కడతం అని ఆయన చూసిండు. పద్నాలుగు నెలలు మిత్తే కట్టారు. ఆఖరికి మూడు మేకలమ్మి, ఇంకొంత కలిపి అసలు తీర్చారు.

నెలకు 900. పద్నాలుగు నెలలకు 12,600. నేను కలిపి తెచ్చింది 7,600. ఆ మంచం మీదే కూర్చుని కొడుకు నోట్‌బుక్ వెనక అట్ట మీద లెక్క వేశాం. 5,000 తక్కువ. మా ఇంటికి తిరిగి వచ్చిన మర్నాడు ఆ అబ్బాయి ఫోన్‌పేకు పంపాను.

మేకల సంగతి అడిగాను. ఎంతకమ్మారో ఆమె చెప్పింది గాని, "అవి ఈనే మేకలు సారూ, కడుపుతో ఉన్నయ్" అంది. మూడు మేకలు ఈ మూడేళ్లలో ఎన్ని అయ్యేవో నాకు తెలియదు, ఆమెకు తెలుసు. మేస్త్రీ వచ్చినాక మాట్లాడుకుందాం సారూ అంది. దసరా సెలవుల్లో మళ్లీ వెళ్తున్నాను. ఈసారి మా ఆవిడ కూడా వస్తోంది.